వేలి కొస నుంచి వెనక్కి: ఓపీలో చేతిని చదవడం

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. గూడూరు నుంచి చెన్నై వచ్చి ఫిజియోథెరపీ రెండో ఏడు చదువుతున్నావు. ముంజేతి కండరాలు ఇరవై, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో వైవాలో గడగడా అప్పజెప్పావు. కానీ ఓపీలో ఒకావిడ చెయ్యి చాపి "నరాలు లాగుతున్నాయి బాబూ" అనేసరికి ఏం అడగాలో, ఎక్కడ తాకాలో తోచలేదు. ఈ చదువంతా పేషెంటు దగ్గర దేనికి పనికొస్తుందని అడిగావు. పనిలో పనిగా, నీ ఎడమ మణికట్టులో పామారిస్ లాంగస్ అనే కండరపు టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) కనపడటం లేదని టెన్షన్ కూడా పడుతున్నావు.

ఆ రెండోది ముందు తేల్చేద్దాం. ఆ కండరం చాలామందిలో పుట్టుకతోనే ఉండదు. ఒక చేతికి ఉండి రెండో చేతికి లేకపోవడమూ మామూలే. పట్టు బలంలో తేడా ఏమీ తెలియదు. అందుకే సర్జన్లు ఇంకోచోట టెండన్ అతకాల్సి వస్తే మొదట దాన్నే తీసి వాడుకుంటారు. నీకు ఒకటి తక్కువ, అంతే.

ఇక అసలు సంగతి. నేను చెన్నైలో చేతుల రీహాబిలిటేషన్‌లోనే చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ ఊరికి ఆ పనిలో మంచి పేరుంది. స్టాన్లీ ఆసుపత్రిలో ఆర్. వెంకటస్వామి గారు 1971లో చేతి శస్త్రచికిత్సకంటూ విడిగా విభాగం పెట్టారు, అంటే ఇది మన దగ్గర పాత విద్యే. నా అనుభవంలో తేలింది ఒకటే. పుస్తకం మోచేయి దగ్గర మొదలై వేళ్ల దాకా వస్తుంది, పేషెంటు మాత్రం వేళ్ల దగ్గర మొదలవుతాడు. ఏ వేలు మొద్దుబారింది, ఏ గణుపు వంగడం లేదు అన్నది పట్టుకుని నువ్వు వెనక్కి, పైకి నడవాలి. నువ్వు బట్టీ పట్టిన మ్యాపు సరైనదే, దాన్ని అటు నుంచి ఇటు చదవడం నేర్చుకోవాలి.

వేళ్లలో కండరాలు లేవన్నది ఒక్కసారి చేత్తో తాకి తెలుసుకో. ఎడమ చేత్తో కుడి ముంజేతిని గట్టిగా పట్టుకుని కుడి వేళ్లు ఒక్కొక్కటే కదుపు. చేతికింద కదిలేదే అసలు కండరం, వేలి దాకా వెళ్లేది దాని టెండన్ మాత్రమే. ఇంకో చిన్న పని. మణికట్టును వెనక్కి వంచు, వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. ముందుకు వంచు, తెరుచుకుంటాయి. దీన్ని టెనోడీసిస్ అంటారు. ఏడుస్తున్న చంటిపిల్లనో, మత్తులో ఉన్న మనిషినో తీసుకొచ్చినప్పుడు "వేలు వంచు" అని చెప్పే వీలుండదు. మణికట్టును మెల్లగా అటూ ఇటూ వంచితే చాలు, మిగతా వేళ్లతో కలవకుండా ఏ వేలు నిటారుగా ఉండిపోతుందో దాని టెండన్ తెగినట్టే.

"నరం" అని పేషెంటు అన్నప్పుడు అది స్పర్శనూ కదలిక ఆదేశాలనూ మోసే నెర్వా, టెండనా, రక్తనాళమా అన్నది నువ్వే తేల్చాలి. తమిళంలో "నరంబు" అన్నా ఇదే తంటా. తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం నెర్వ్ వైపు చూపిస్తాయి. స్పర్శ బాగానే ఉండి వేలు కదలకపోతే ముందు టెండన్‌ను అనుమానించు.

ముంజేతి మధ్యగా అరచేతిలోకి వచ్చే మీడియన్ నెర్వ్‌తో మొదలుపెడతాను, ఓపీలో ఎక్కువగా కనపడేది అదే. మణికట్టులో కార్పల్ టన్నెల్ ఉందని నీకు తెలుసు. కింద, పక్కల ఎముకలు, పైన ఎముకలను కలిపే మందమైన పట్టీ, లిగమెంటు. ఆ కాస్త జాగాలో తొమ్మిది టెండన్లు పోతాయి: వేళ్లను వంచే పైపొర కండరానివి నాలుగు, లోపొర కండరానివి నాలుగు, బొటనవేలిది ఒకటి. వాటి మధ్య మీడియన్ నెర్వ్. షావుకారుపేట సందులో సరుకు బళ్ల మధ్య ఇరుక్కున్న సైకిల్ లాంటిది దాని పరిస్థితి. ఎవరు కాస్త లావెక్కినా నలిగేది అదే. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరినా, థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఉన్నా, రుమటాయిడ్ కీళ్లవాతపు వాపు ఉన్నా లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే నలభై దాటిన ఆడవాళ్లు రెండు చేతులూ తిమ్మిరని వస్తే నేను థైరాయిడ్, షుగర్ పరీక్షల గురించి అడగకుండా వదలను.

ఏం అడగాలి అన్నావు కదా. మొదటిది, ఏ వేళ్లు? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో బొటనవేలి వైపు సగం. చాలామంది "చెయ్యంతా" అనేస్తారు. అప్పుడు చిటికెనవేలిని విడిగా పట్టుకుని "ఇదీనా?" అని అడుగు. రెండోది, ఎప్పుడు? రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుందంటే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. నిద్రలో మణికట్టు ముడుచుకుని ఉండటంతో టన్నెల్ ఇంకా ఇరుకవుతుంది. మూడోది నువ్వు తాకి చూడాల్సింది, బొటనవేలి కింది మెత్తటి దిబ్బ మీది చర్మం. అక్కడ స్పర్శ బాగుండాలి. ఎందుకంటే అరచేతికి వెళ్లే కొమ్మ టన్నెల్‌లోకి దూరకుండా పైనుంచి పోతుంది. వేళ్లతో పాటు ఆ చర్మమూ మొద్దుబారి ఉంటే అడ్డు మణికట్టులో కాదు, ఇంకా పైన ఎక్కడో ఉందని అర్థం. వైవాలో ఒక వాక్యంతో దాటేసిన కొమ్మ ఇక్కడ సర్జన్ కత్తి ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తుంది.

ఆ దిబ్బ పల్చబడి, బొటనవేలిని అరచేతి నుంచి పైకి లేపలేకపోతుంటే ఆలస్యం చేయకూడదు. అంతకు ముందు దశలో రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్‌తోనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. మార్కెట్లో దొరికే స్ప్లింట్లు కొన్ని మణికట్టును బాగా వెనక్కి వంచి ఉంచుతాయి, లోపలి రేకును సరిచేసి ఇవ్వు. ఓఎంఆర్ రోడ్డు ఐటీ కంపెనీల పిల్లలు అందరూ కీబోర్డు వల్లే వచ్చిందని నమ్మి వస్తారు. కీబోర్డు ఒక్కటే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. అదిరే మిషన్లు పట్టుకునేవాళ్లకు, రోజంతా బలంగా పిడికిలి బిగించి పనిచేసేవాళ్లకు ముప్పు ఎక్కువ. కాబట్టి కొత్త మౌసు కొనమని సలహా ఇచ్చేముందు పై మూడూ చూడు.

ఇప్పుడు అల్నార్ నెర్వ్, మోచేయి వెనక నుంచి చిటికెనవేలి వైపు వచ్చేది. చిటికెనవేలు, ఉంగరపువేలిలో ఆ వైపు సగం. ఇక్కడా చర్మమే దారి చెబుతుంది. చేతిని బోర్లించి, వెనక వైపు చిటికెనవేలి పక్క తాకు. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టుకు కొన్ని సెంటీమీటర్ల పైనే విడిపోతుంది. అక్కడ స్పర్శ బాగుండి, అరచేతి వైపు మాత్రమే తగ్గితే అడ్డు మణికట్టు దగ్గర, గయాన్ కెనాల్ అనే ఇరుకు దారిలో. రెండు వైపులా తగ్గితే మోచేయి వెనక చూడు. మొద్దుతనం మణికట్టు గీత దాటి ముంజేతి లోపలి వైపు పైకి పాకితే అల్నార్‌ను వదిలేసి మెడ వైపు వెళ్లు, ఎందుకంటే ముంజేతి ఆ చర్మం అల్నార్‌ది కాదు. ఉంగరపువేలు నిలువునా రెండు సగాలుగా తేడా చూపిస్తే నెర్వ్ దెబ్బ, వేలంతా ఒకేలా ఉంటే మెడలో వెన్నుపాము నుంచి బయటికొచ్చే ఎనిమిదో నెర్వ్ రూట్ అన్న అనుమానం. ఇది తిరుగులేని సూత్రం కాదు, కానీ మెడకు ఎమ్మారై రాసేముందు ఒక నిమిషం పెట్టి చూడదగ్గది.

బలం చూడటానికి ఓపీ చీటీ చాలు. బొటనవేలికీ చూపుడువేలి పక్కకూ మధ్య పట్టుకోమని, నువ్వు లాగు. అల్నార్ బలహీనమైతే బొటనవేలి కొస గణుపు టక్కున వంగుతుంది. దగ్గరికి నొక్కే కండరం పనిచేయక, మీడియన్ నడిపే పొడవాటి వంపు కండరం సాయానికి వస్తుందన్నమాట. దాన్నే ఫ్రోమెంట్ సైన్ అంటారు.

మోచేయి వెనక గాడిలో వేలుపెట్టి అల్నార్‌ను తాకడం అలవాటు చేసుకో. తాడులా లావుగా తగిలి, చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కూడా ఉంటే కుష్టు గుర్తుకు రావాలి. అది పోయిన జబ్బు అనుకోకు, ఇంకా వస్తోంది, మందులతో నయమవుతోంది. సర్జన్ పాల్ బ్రాండ్ గారు వెల్లూరు సీఎంసీ వైద్య కళాశాలకు వచ్చాక, 1947లో మన పక్కనే ఉన్న చెంగల్పట్టు కుష్టు ఆసుపత్రికి వెళ్లి, వంకర్లు తిరిగిన చేతులున్న ఒక రోగితో చెయ్యి కలిపారు. పట్టు గట్టిగా, నొప్పి పుట్టేంత బలంగా ఉంది. అందరూ చచ్చుబడిందనుకున్న చేతికి అంత బలం ఎక్కడిది? అనాటమీ తెలిసినవాడికి జవాబు కనపడుతుంది. కుష్టులో అల్నార్ మోచేయి దగ్గర, మీడియన్ మణికట్టు దగ్గర దెబ్బతింటాయి. మీడియన్ ముంజేతిలో నడిపే కండరాలు అప్పటికే తమ కొమ్మలు అందుకుని ఉంటాయి కాబట్టి అవి బతికే ఉంటాయి. పోయినవి అరచేతిలోని చిన్న కండరాలే. బతికున్న కండరం టెండన్‌ను దారి మళ్లించి వేళ్లు తెరుచుకునేలా చేసే ఆపరేషన్లను ఆయన 1948 నుంచి వెల్లూరులో చేశారు. ఆపరేషన్ తర్వాత పాత కండరానికి కొత్త పని నేర్పించేది మనమే, ఫిజియోథెరపిస్టులం.

మణికట్టునూ వేళ్లనూ వెనక్కి లేపే కండరాలను నడిపే రేడియల్ నెర్వ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది దెబ్బతింటే చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోతుంది. దెబ్బ ఎక్కువగా పైచేతి ఎముక చుట్టూ తిరిగే చోట. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి తాగి పడుకుని లేచినవాళ్లూ, పైచెయ్యి విరిగినవాళ్లూ వస్తారు. ఒక్కటి గుర్తుంచుకో. మణికట్టును నువ్వు ఎత్తిపట్టుకుంటే వేలి కొసల గణుపులు తెరుచుకుంటాయి. అది చూసి "తిరిగొస్తోంది" అని పేషెంటుకు చెప్పేయకు. వాటిని తెరిచేవి అరచేతి చిన్న కండరాలు, అవి రేడియల్‌వి కావు. వేలి మొదటి గణుపు లేస్తేనే లెక్క.

కోతలకు వద్దాం. చెన్నైలో అంబత్తూర్ ప్రెస్ మిషన్ల దెబ్బలు వేరు, వంటింటి దెబ్బలు వేరు. మిక్సీ బ్లేడు, పగిలిన గ్లాసు, కొబ్బరికాయ కొడుతూ జారిన కత్తి. పైన చర్మం మీద చిన్న గీత ఉంటుంది, రెండు కుట్లు వేసి పంపేస్తారు. నెల తర్వాత "కొస వంగడం లేదు" అని వస్తారు. అప్పటికి తెగిన కొస అరచేతిలోకి జారి ముడుచుకుపోయి ఉంటుంది. అందుకే చిన్న కోతైనా రెండు పరీక్షలు తప్పనిసరి. మధ్య గణుపును కదలకుండా పట్టుకుని కొస వంచమను, అది లోపొర టెండన్. మిగతా మూడు వేళ్లనూ నిటారుగా నొక్కిపట్టి ఈ వేలిని మధ్య గణుపు దగ్గర వంచమను, అది పైపొర. వంగినా నొప్పి పెడితే సగం తెగి ఉండవచ్చు. వేలి రెండు పక్కలా స్పర్శ కూడా విడివిడిగా చూడు, ఒక్కో పక్కకు ఒక్కో నెర్వ్.

అరచేతి చివరి గీత నుంచి వేలి మధ్య ఎముక సగం దాకా ఉన్న భాగాన్ని రెండో జోన్ అంటారు. అక్కడ రెండు టెండన్లూ ఒకే ఇరుకు తొడుగులో ఉంటాయి, పైపొరది రెండుగా చీలి లోపొరదానికి దారి ఇస్తుంది. కుట్టిన తర్వాత రెండూ ఒకదానికొకటి అంటుకుపోవడం చాలా తేలిక. సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ దీనికి "నో మ్యాన్స్ ల్యాండ్" అని పేరు పెట్టాడు. ఒకప్పుడు అక్కడ కుట్టడానికి వెనకాడేవారు, ఇప్పుడు కుడుతున్నారు, ఫలితాలూ బాగుంటున్నాయి, కానీ అందులో సగం భారం థెరపిస్టుది. వెనక వైపు స్ప్లింట్‌లో ఉంచి, మొదటి వారం నుంచే కొలిచి కదిలించాలి. కదపకపోతే అంటుకుంటుంది, ఎక్కువ కదిపితే తెగుతుంది. మొదటి మూడు వారాల్లో కుట్టు బలహీనం. మూడు నెలల దాకా బిందె ఎత్తొద్దని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాలి.

ఎముకల్లో నేను పట్టుబట్టేది ఒక్క స్కాఫాయిడ్ గురించే, మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక అది. వర్షానికి వేళచ్చేరి రోడ్డు మీద బైకు జారి, చెయ్యి ఆనించి పడ్డ కుర్రాడు వస్తాడు. ఎక్స్‌రే నార్మల్ అంటారు. బొటనవేలిని పైకెత్తమని, దాని మొదట్లో రెండు టెండన్ల మధ్య పడే గుంటలో నొక్కు. అక్కడ నొప్పి ఉంటే ఎక్స్‌రే ఏం చెప్పినా విరిగినట్టే భావించి కట్టు వేయించి, పది నుంచి పద్నాలుగు రోజుల్లో మళ్లీ ఫిల్మ్ తీయించాలి. లేదా వెంటనే ఎమ్మారై. ఎందుకింత పట్టుదల అంటే ఆ ఎముకకు రక్తం వేలి వైపు కొస నుంచి వెనక్కి పోతుంది. ఆ ఎముక దాని నడిమి భాగంలో విరిగితే మోచేయి వైపు ముక్కకు రక్తం ఆగిపోయి అది చచ్చిపోవచ్చు. "బెణికింది, కాపడం పెట్టుకో" అన్న మాటకు ఆ కుర్రాడు పదేళ్ల తర్వాత అరిగిపోయిన మణికట్టుతో మూల్యం చెల్లిస్తాడు.

ఇక అన్నిటికంటే భయపడాల్సింది. పిల్లాడు మంచం మీద నుంచి పడి మోచేయి పైన ఎముక విరిగింది. కట్టు వేశారు. అది ఆసుపత్రి ప్లాస్టరే కావచ్చు, పుత్తూరు కట్టే కావచ్చు, కట్టు రకం మీద నాకు ఇక్కడ గొడవ లేదు. రాత్రికి పిల్లాడు ఏడుపు ఆపడు. నొప్పి మందు వేసినా తగ్గదు. ముంజేతి కండరాలు గట్టి పొరల మధ్య గదుల్లో ఉంటాయి, వాపు పెరిగితే ఆ పొరలు సాగవు. లోపలి ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ముందు చచ్చేవి ఎముకను ఆనుకుని ఉన్న లోపొర కండరాలు, అంటే వేళ్ల కొసలనూ బొటనవేలి కొసనూ వంచేవి. సుమారు ఆరు గంటలు దాటితే నష్టం తిరిగిరాదు. తర్వాత అవి పీచుగా మారి కుంచించుకుపోయి, వేళ్లు శాశ్వతంగా ముడుచుకుంటాయి. 1881లో జర్మన్ సర్జన్ ఫోల్క్‌మన్ వర్ణించిన ఈ వంకర చేతులు నాకు ఇప్పటికీ కనపడుతున్నాయి, అదే బాధ.

నాడి కొట్టుకుంటోంది కదా అని ధైర్యం చెప్పకు. ముంజేతి లోపల కండరం చస్తున్నా మణికట్టు దగ్గర నాడి అందుతుంది. చూడాల్సింది వేరు: మెల్లగా పిల్లాడి వేళ్లను నువ్వు నిటారుగా తెరువు. కెవ్వుమంటే కట్టును అక్కడికక్కడే చర్మం కనపడేదాకా, లోపలి దూదితో సహా, నిలువునా విప్పించాలి. చెయ్యిని గుండె ఎత్తులో ఉంచాలి, దిండ్లు పెట్టి పైకి ఎత్తితే ఉన్న రక్తం కూడా అందదు. తగ్గకపోతే పొరలు కోసి ఒత్తిడి వదిలించే ఆపరేషన్. "పొద్దున డాక్టరు వచ్చాక చూద్దాం" అన్న మాట ఈ ఒక్క జబ్బులో అనకూడదు. డ్యూటీలో నువ్వు జూనియర్‌వే కావచ్చు, ఫోన్ చేసి లేపు.

చంటిబిడ్డల తల్లుల బొటనవేలి మొదట నొప్పి, షుగర్ ఉన్నవాళ్లకు వేలు "టక్" మని పట్టేయడం లాంటివి రోజూ వస్తాయి. తొడుగులో టెండన్ ఇరుక్కోవడమే రెండింటికీ మూలం, అవి నువ్వు తేలిగ్గానే నేర్చుకుంటావు. కిడ్నీ జబ్బు ఉన్న పేషెంటు వస్తే మాత్రం ఎక్కువ వాడని చేతి ముంజేతిలో రక్తం తీయకుండా, సూది పెట్టకుండా కాపాడమని నర్సమ్మకు చెప్పు. రేపు డయాలసిస్‌కు ఫిస్టులా (ధమనికి సిరను కలిపే దారి) చేయాల్సింది ఆ సిరలతోనే.

చివరగా నీ చేతిలో పూర్తిగా ఉండే పని, స్ప్లింట్. వాచిన చేతికి, నలిగిన చేతికి, కాలిన చేతికి కట్టు వేసేటప్పుడు వేళ్లను హాయిగా ఉన్నట్టు కొద్దిగా ముడిచి వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. పిడికిలి గణుపుల పక్క లిగమెంట్లు వేలు నిటారుగా ఉంటే వదులుగా, వంగితే బిగువుగా ఉంటాయి. వదులుగా ఉన్నప్పుడు కదలకుండా ఉంచితే అవి అలాగే కురచబడి, తర్వాత పిడికిలి పట్టదు. కాబట్టి మణికట్టు ఇరవై నుంచి ముప్పై డిగ్రీలు వెనక్కి, పిడికిలి గణుపులు డెబ్బై నుంచి తొంభై డిగ్రీలు వంచి, వేళ్ల మిగతా గణుపులు నిటారుగా, బొటనవేలు అరచేతి ముందుకు దూరంగా. వంపు టెండన్ కుట్టిన చేతికి ఈ కొలతలు పెట్టకు, మణికట్టు వెనక్కి పోతే కుట్టు మీద లాగుడు పడుతుంది, దానికి సర్జన్ చెప్పిన కోణమే. స్ప్లింట్ అంచు అరచేతి చివరి గీత దాటితే పిడికిలి గణుపులకు అడ్డుపడుతుంది, కాబట్టి వేళ్లను వదిలేసే స్ప్లింట్ అయితే ఆ గీతకు ఇవతలే కత్తిరించు. కట్టులో లేని వేళ్లను, మోచేతిని, భుజాన్ని మొదటి రోజు నుంచే కదిలించమని చెప్పు, ఇంటికి వెళ్లేముందు ఒకసారి నీ ఎదురుగా చేయించు.